నేను వాల్వుగా పనిచేసిన పూట

మా మేనమామ నన్ను పుట్టినప్పటి నుంచీ ‘అల్లుడా’ అనే పిలిచాడు. తీరా పిల్లనిచ్చే వేళకు ఐటీఐ చదివిన వైర్‌మన్ సంబంధం ఒకటి వెతికి తెచ్చాడు. నేనేమో ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి, అశోక్ చౌక్ దగ్గర పవర్‌లూమ్ ఫిట్టర్‌గా కుదిరినవాణ్ణి.

“గా గదిల మిషిన్ నడిపియ్, పిల్ల నీది. లేకుంటే ఐతారం ఆళ్లొస్తరు, మాటిచ్చేస్త,” అన్నాడు.

నీలం నగర్‌లో మామ ఇంటి వెనక నూలుకు రంగులు వేసే షెడ్డు ఉండేది. ముసురు పడితే తడి చిలపలు, అంటే నూలు చుట్టలు, ఆరక కంపు కొట్టేవి. అందుకని ఒక గది గోడల వెంట వేడినీళ్ల పైపులు వేయించాడు. ఎండాకాలం పిల్లి కూడా నీడ కోసం కుక్కతో రాజీపడే సోలాపూర్‌లో, ఇంట్లో గదిని వేడి చేసుకునే మహానుభావుడు ఆయనొక్కడే. పైపు మీద మోటారుతో తెరుచుకునే వాల్వు, గోడ మీద థర్మోస్టాట్, రెండూ పాత సామాన్లమ్మే భంగార్ దుకాణం సరుకే. గది చల్లబడితే థర్మోస్టాట్ టిక్కుమనాలి, వాల్వు తెరుచుకోవాలి, ఆ తర్వాత పంపు తిరగాలి. వేడెక్కితే మళ్లీ టిక్కుమని కరెంటు ఆగాలి, స్ప్రింగు వాల్వును మూసేయాలి, పంపు ఆగాలి.

వాల్వుకు ఐదు తీగలు వేలాడుతున్నాయి. నేత ఇంట్లో పుట్టినవాడికి ఐదు పోగులొక లెక్కా? పాత పడుగుకు కొత్తది అతికేటప్పుడు రంగుకు రంగు చూసి కలుపుతాం. అలాగే కలిపాను. నారింజ తీగకు ఎరుపు దగ్గరి చుట్టం కదా అని కరెంటు ఎర్ర తీగనూ, పంపు ఎర్ర తీగనూ దానికే మెలిపెట్టాను. నీలాన్ని నలుపుకు, పచ్చను పచ్చకు, థర్మోస్టాట్ తెల్ల తీగను బూడిద రంగుదానికి. గోధుమరంగు తీగ మిగిలింది. టేపు చుట్టి పక్కకు వంచాను.

స్విచ్చు వేస్తే పంపు వీరావేశంతో తిరిగింది. వాల్వు మాత్రం కదల్లేదు. దాని పక్కన చేత్తో తెరవడానికి చిన్న మీట ఉంది. దానికి నూలుపోగు కట్టి, కొస పట్టుకుని తడి చిలపల వెనక నక్కాను.

గడపలో బీడీలు చుడుతున్న మరదలు చూడనే చూసింది.

“బావా, వాల్వు పని నువ్ జేస్తే నీ పనెవలు జేస్తరు?”

“నాకేం పనున్నదే?”

“గదీ నిజమే.”

మామ వచ్చి థర్మోస్టాట్ చక్రం తిప్పాడు. టిక్. పోగు లాగాను. నీళ్లు పారాయి. వెనక్కి తిప్పాడు. టిక్. వదిలేశాను. పంపు ఆగలేదన్న సంగతి పక్కింటి మగ్గాల మోతలో కొట్టుకుపోయింది. ఆయన చంటిపిల్లాడిలా తిప్పుతూనే ఉన్నాడు. చిలపల నుంచి రంగు కారి నా చెవి ఆకుపచ్చగా, ముక్కు రాణీరంగుగా మారాయి.

అంతలో కరెంటు పోయింది. మగ్గాలు ఆగాయి. అలవాటుగా మామ చక్రం తిప్పాడు. టిక్. బుద్ధి కంటే ముందు నా చెయ్యి లాగింది.

“అరె దేవా! కరెంటు లేకున్న తెరుసుకుంటున్నది! ఇసొంటిది ముంబైల గూడ లేదు!”

కుంకుమ తెచ్చి వాల్వుకు బొట్టు పెట్టబోయాడు. పోగు కనబడింది. నేతగాడు పోగు చూస్తే కొస వెతక్కుండా ఉండలేడు. కొసన నేనున్నాను.

నా ముక్కును చూసి, “ఐతారం ఆళ్లను రమ్మంట,” అన్నాడు.

మరదలు బీడీల చేట పక్కన పెట్టి, మెయిన్ ఆపి, వాల్వు మూత తీసింది. లోపల ఏ తీగ ఎక్కడికో బొమ్మ గీసి ఉంది. నాకు మూత తీయాలనే తోచలేదు.

“మగ్గం మీద పడుగు నోరు పూర్తిగ తెరిసినంకనే గద పోగు మోసే నాడె పోవాలె? గిదీ గంతే,” అంటూ నా మెలికలన్నీ విప్పింది. తెల్ల తీగ గోధుమరంగుదానికి పోయింది, అది మోటారుది. కరెంటు ఎర్ర తీగ బూడిదకు. నారింజకు పంపు తీగ ఒక్కటే. వాల్వు పూర్తిగా తెరుచుకున్నాకే లోపలి చిన్న స్విచ్చు బూడిదలో కరెంటును నారింజకు దాటిస్తుందట.

కరెంటొచ్చింది, మరదలు మెయిన్ వేసింది. మామ తిప్పాడు. టిక్. మీట తనంతట తానే మెల్లగా జరిగింది, పంపు మొదలైంది. వెనక్కి తిప్పాడు. మీట వెనక్కి పోయింది, పంపు ఆగింది.

“మిషిన్ నడిపిస్తే పిల్లనిస్త అంటివి గదా నాయినా,” అంది మరదలు. “నేను నడిపిచ్చిన. నన్ను నాకియ్యి. ఎవల్ని జేసుకోవాల్నో నేను జూస్కుంట.”

మామ ఇంకోసారి చక్రం తిప్పి చూసి, వైర్‌మన్ వాళ్లకు రావద్దని కబురు పంపాడు. ఐతారం ఎవరూ రాలేదు.

ఆమె దసరా దాకా ఆలోచించింది. ఈలోగా ఆ ఐదు తీగల్ని నాతో ఎన్నిసార్లు విప్పించి కట్టించిందో చెప్పలేను. ఒక్క తప్పూ లేకుండా కట్టిన రోజు, మా లగ్గం పెట్టించమని వాళ్ల నాయినకు తనే చెప్పింది.