నాన్న ఛాతీ మీద నేను గీసిన గుర్తు

స్కాన్ చేసిన రోజు టెక్నీషియన్ నాన్న ఛాతీ మధ్యలో ఒకటి, పక్కల రెండు ఊదారంగు గుర్తులు పెట్టారు. ఊపిరితిత్తిలో గడ్డ ఉన్నంత మేరా డాక్టరుగారు ఆ స్కాన్ బొమ్మల మీద ఒక్కో పొరలో చుట్టూ గీసుకుంటారట. రోజూ రేడియేషన్ సరిగ్గా అక్కడే పడేలా నాన్నని పడుకోబెట్టడానికి ఈ గుర్తులే ఆధారం. "వారంలో మొదలుపెడతాం. ఇవి చెరగనివ్వకండమ్మా," అన్నారు టెక్నీషియన్. స్నానం చేయొచ్చా అని అడుగుదామనుకున్నాను. చుట్టూ నలుగురున్నారు. అడగకుండానే బయటికొచ్చేశాను.

నాన్న తిరువూరులో శివాలయం అర్చకుడు. ఛాతీ తడవకుండానే స్నానం చేశారు పాపం. కానీ మూడు వేళ్లతో విభూతి పూయడం, సాయంత్రం తడి తువ్వాలుతో తుడుచుకోవడం చిన్నప్పటి అలవాటు. రేడియేషన్‌కి ముందురోజు చూస్తే మధ్య గుర్తు లేదు.

మళ్లీ స్కాన్ అంటే మళ్లీ వారం. ఆ దగ్గు ఇంకో వారం వినే ఓపిక నాకు లేదు. పక్క గుర్తులకు వరసగా స్కేలు ఆనించి, స్కెచ్ పెన్నుతో గీసేశాను.

"నీ చేతిరాత కుదురే," అన్నారు నాన్న.

పొద్దున్నే విజయవాడ బస్సెక్కాం. ఎ.కొండూరు దాటకముందే నాన్న నా భుజం మీద నిద్రపోయారు. పుస్తకం తెరిచి ఒకే పేజీ చూస్తూ కూర్చున్నాను. గుండెకు తగలకుండా డాక్టరుగారు పొర పొరకీ చూసి గీసినదానికి ఆధారమైన గుర్తుని, నేను స్కూలు స్కేలుతో దిద్దాను. వేలెడు పక్కకి పోయుంటే?

నాన్నని లోపలికి పిలిచారు. తలుపు దాకా వెళ్లిపోయారు.

"సార్, మధ్యది నేను గీశాను."

టెక్నీషియన్ ఆగారు. "మీరా! ఎందుకమ్మా?"

"విభూతి తుడిస్తే పోయింది."

"ఒక్క ఫోన్ చేయాల్సింది కదండీ." నాన్నని పడుకోబెట్టి, పక్క గుర్తులకు సరిచేసి లైటు వేసి చూశారు. ఎర్రటి గీత నా గుర్తుకి రెండు వేళ్ల అవతల పడింది. ఆ రోజే మళ్లీ స్కాన్ చేశారు. మొదలుపెట్టడం మాత్రం ఇంకో వారం.

కొత్త గుర్తులు పెడుతుంటే, ఈసారీ నలుగురున్నారు, అడిగాను: "స్నానం చేయొచ్చా సార్? విభూతి?"

"నడుం కిందికి పోసుకోమనండి. విభూతి నుదుటికే."

నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "శివుడు సర్దుకుంటాడు. నువ్వు కాస్త తిను తల్లీ, మొహం వాడిపోయింది," అన్నారు.

తిరుగు బస్సులో ఈసారి నేనే నిద్రపోయాను.