పళ్ళెంలో పెట్టని బుష్

1942. యుద్ధం ఎక్కడో జరుగుతున్నా దాని సెగ షాలిబండ సందులోని నా మోటారు షెడ్డు దాకా వచ్చింది. టైర్లు లేవు, స్పేర్లు లేవు, అన్నిటికంటే ముఖ్యంగా గేర్ ఆయిల్ లేదు. గేర్ బాక్సులో పోసే చిక్కటి నల్లనూనె అది. ఇంజన్ బలాన్ని చక్రాలకు అందించే పళ్ళచక్రాలన్నీ ఆ నూనెలో మునిగి తిరగాలి. నూనె లేకపోతే ఇనుమును ఇనుమే తింటుంది.

ఆ రోజుల్లో నాకు ఎక్కువగా వచ్చే బండ్లు మలక్‌పేట వైపున్న ఒక నవాబు గారి దేవిడీవి, అంటే ఆయన మహలువి. వాటిలో పెద్ద విలాయతీ కారును పద్దెనిమిదేళ్ళుగా నడుపుతున్నది బార్కస్‌కు చెందిన యూసుఫ్ భాయ్. అప్పటి కార్లకు గేరు మార్చడమంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి. మధ్యలో ఇంజన్ వేగాన్ని చెవితో పట్టుకోవాలి. డబుల్ క్లచ్ అంటారు దాన్ని. కొంచెం తేడా వస్తే సందంతా వినపడేలా గరగరమంటుంది. యూసుఫ్ భాయ్ మారిస్తే ఆ చప్పుడే ఉండేది కాదు. పెద్ద బేగం గారు తమలపాకుల పాన్‌దాన్ ఒడిలో పెట్టుకుని కూర్చుంటే మూత కూడా కదిలేది కాదని దేవిడీలో చెప్పుకునేవారు. అతనికి ఆస్తి అంటూ ఉంటే ఆ పేరే.

ఆ ఏడు వేసవిలో కారు సర్వీసుకు వచ్చింది. గేర్ బాక్సులో నూనె సగానికి పడిపోయింది. మిగతా సగం నేను ఆముదం పోశాను. అందులో తప్పు లేదు, కరువులో చాలామంది అదే పోశారు. అయితే పాత నూనె పూర్తిగా దించి, బాక్సు కిరోసిన్‌తో కడిగి, ఆముదం ఒక్కటే పోయాలి. ఈ రెండు నూనెలూ కలవవు. ఆ సంగతి నాకు తెలుసు. కిరోసిన్ కూడా కరువేనని, కొన్నాళ్ళకేం కాదులే అని మూత బిగించేశాను.

మూడు నెలలకు యూసుఫ్ భాయ్ వచ్చాడు.

"ఉస్తాద్, సెకండ్ గేర్ ఏస్తుంటే చెయ్యికి ఏదో తగుల్తున్నది. జర ఇప్పి సూడు."

"ఏం లేదు భాయ్. క్లచ్ మంచిగ తొక్కు," అన్నాను.

అతను నా మొహంలోకి ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. అతనికి ఆ మాట చెప్పినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి అయి ఉంటాను.

గుర్రప్పందాల రోజున, నవాబు గారు అతిథులతో వెళ్తుండగా, రేసు మైదానం గేటు ముందే కారు పెద్ద చప్పుడుతో ఆగిపోయింది. ఎద్దులను కట్టి నా షెడ్డుకు లాక్కొచ్చారు.

బాక్సు విప్పాను. రెండో గేరు చక్రానికి రెండు పళ్ళు విరిగి ఉన్నాయి. అది పైకి కనపడేది. అసలు సంగతి లోపల ఉంది. గేరు చక్రాలుండే ఇరుసు, అంటే మెయిన్ షాఫ్ట్, కొనను పట్టి ఉంచే చిన్న కంచు గొట్టం, బుష్ అంటాం, మాడి నల్లబడిపోయింది. దానికి సూది దూరేంత నూనె రంధ్రం ఉంటుంది. ఆముదం, పాత నూనె కలిసి జిగురై ఆ రంధ్రాన్ని మూసేశాయి. బుష్ అరిగి షాఫ్ట్ ఊగింది, ఊగిన షాఫ్టు పళ్ళు విరగ్గొట్టింది. తప్పు యూసుఫ్ భాయ్ చేతిలో లేదు, నా చేతిలో ఉంది.

దేవిడీలలో ఒక రివాజు ఉండేది. బండిలోంచి తీసిన పాత సామాను తుడిచి, పళ్ళెంలో పేర్చి, పైన గుడ్డ కప్పి యజమానికి చూపించాలి. మెకానిక్కులను నమ్మరు కనుక పెట్టుకున్న పద్ధతి అది. ఆయన ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని అడుగుతాడు, మేం చెప్పాలి.

నేను విరిగిన చక్రం పళ్ళెంలో పెట్టాను. బుష్ జేబులో వేసుకున్నాను. ఆ ఒక్క దేవిడీ పని పోతే చుట్టుపక్కల దేవిడీల పనంతా పోతుందని భయం.

పళ్ళెం మోయడానికి యూసుఫ్ భాయే వచ్చాడు. గుడ్డ ఎత్తి చూసి అడిగాడు.

"గింతేనా ఉస్తాద్?"

"గింతే భాయ్."

వరండాలో నవాబు గారు విరిగిన పళ్ళ మీద వేలు పెట్టి, ఇలా ఎందుకవుతుందని ఉర్దూలో అడిగారు. గేరు మొరటుగా పడితే అవుతుంది హుజూర్ అన్నాను. మామూలుగా అది నిజమే. ఆయన యూసుఫ్ భాయ్ చేతులకేసి చూసి, "హాథ్ బూఢే హో గయే," అన్నారు. చేతులు ముసలివయ్యాయట. మర్నాటి నుంచి రావద్దన్నారు.  యూసుఫ్ భాయ్ పళ్ళెం నేల మీద పెట్టి సలాం చేశాడు.

నాకు నోరు పెగల్లేదు. పెగల్చుకోలేదు అనడం సరైన మాట.

యుద్ధం ముగిశాక ఒక బస్సు కంపెనీ వాళ్ళు డ్రైవర్ల కోసం వెతుకుతూ నన్ను అడిగారు. బార్కస్ వెళ్ళాను. యూసుఫ్ భాయ్ బజారులో జామపళ్ళ గంప ముందు కూర్చుని ఉన్నాడు.

"నాకొద్దు ఉస్తాద్," అన్నాడు. "బస్సుల ముప్పై మంది కూసుంటరు. నా చెయ్యి మీద నాకే భరోసా లేదు. నువ్వు జెప్పినవ్ గద, మొరటుగ పడ్డదని. గప్పటి సంది స్టీరింగ్ పట్టలే."

అంటే అతను నన్ను తిట్టుకోలేదు. నమ్మాడు. అక్కడే, ఆ గంప ముందే కూర్చుని బుష్ సంగతంతా చెప్పాను.

అతను గంపలో జామపళ్ళు అటూ ఇటూ సర్దాడు.

"గింతే అని నువ్వంటే నమ్మి, పళ్ళెం నేనే మోసుకొచ్చిన గద ఉస్తాద్," అన్నాడు చివరికి.

 బస్సు పనికి మాత్రం ఒప్పుకోలేదు. ఎవరో బేరానికి వస్తే తక్కెడ అందుకున్నాడు. నేను లేచి వచ్చేశాను.

గేర్ బాక్సులో రెండు రకాల నూనెలు కలపకూడదన్న పాఠం ఎవరైనా చెప్తారు. దానికి నేను అక్కర్లేదు. ఆ తర్వాత నా షెడ్డులో తీసిన ప్రతి ముక్కా, నా తప్పు వల్ల మాడినవి కూడా, పళ్ళెంలో పెట్టి చూపిస్తున్నాను. చూసినవాళ్ళు, ఇంత నిజాయితీపరుణ్ణి చూడలేదంటారు. ఎక్కడ నేర్చుకున్నావని ఒకరిద్దరు అడిగారు కూడా. వాళ్ళకు యూసుఫ్ భాయ్ పేరు చెప్పడానికి నాకు ఇప్పటికీ నోరు రాలేదు.