మా ఊరి దవాఖాన బండికి చందా అడిగిన రోజులు

మా వదినకు నొప్పులు మొదలైన రోజు ఊళ్లో ఒక్క బండి కూడా లేదు. ఉన్న బండ్లన్నీ జొన్నలు వేసుకుని జనగామ అంగడికి పోయాయి. గడిలో, అంటే దొరగారి కోటలాంటి ఇంట్లో, ఆయన కచ్చురం ఉంది, పైన గూడు, ఎద్దుల మెడలకు ఇత్తడి గంటలు. కానీ దొరలకు ఎదురుతిరిగిన సంఘం రోజులు వచ్చాక దొర హైదరాబాదుకు పోయి అక్కడే ఉండిపోయాడు. కచ్చురం కొట్టానికి తాళం. గుమాస్తాను అడిగితే, తాళంచెయ్యి దొర దగ్గరే ఉందన్నాడు.

చివరకు నులక మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోశారు. ఘన్‌పూర్ స్టేషన్ చేరేసరికి వరంగల్ రైలు వెళ్లిపోయింది. వెనకే తిట్టుకుంటూ వచ్చిన మంత్రసాని ఇక ఎవరి మాటా వినలేదు. నాలుగు చీరలు అడ్డం కట్టించి, స్టేషన్ వెనకే కాన్పు చేసింది. ఆగి ఉన్న గూడ్సు బండి డ్రైవరు ఇంజను నుంచి బకెట్ నిండా వేడినీళ్లు పట్టి ఇచ్చాడు. తల్లీ పిల్లా క్షేమంగా ఇల్లు చేరారు. ఆ పిల్లను ఊరంతా చాలా ఏళ్లు రైలుపిల్ల అనే పిలిచింది.

మా అన్న మాత్రం ఆ రోజు నుంచి ఒకటే మాట. ఊరికి ఒక బండి ఉండాలి, రోగం వచ్చినవాళ్లను స్టేషన్‌కు తీసుకుపోయే బండి, ఎవరి తాళం కింద ఉండని బండి.

మా అన్న అప్పుడు ఊరి యువకులకు పెద్దగా ఉండేవాడు. ఊళ్ల మీద పడి దోచుకునేవాళ్ల భయంతో పోరగాళ్లంతా గుతపలు, అంటే చేతికర్రలు, పట్టుకుని కాపలా తిరుగుతుండేవారు. వెట్టి ఆగిపోయింది, గడి ముందు నుంచి చెప్పులతో నడవవచ్చు. ఇంత సాధించినవాళ్లకు ఒక బండికి చందా వసూలు చేయడం ఎంత పని అనుకున్నారు.

నిజంగానే ఎంతో పని పట్టలేదు. కల్లాల మీద జొన్నలు ఉన్న రోజులు. పొద్దున పోయి సాయంత్రానికి బస్తాలతో వచ్చారు. అన్న ముఖం వెలిగిపోతోంది. మా అవ్వ, అంటే మా అమ్మ, బస్తాల వైపు చూసి, "గింత జల్ది ఎట్ల ఇచ్చిన్రురా?" అంది. అన్న నవ్వి ఊరుకున్నాడు.

మర్నాడు నేను వాడ చివర ఉండే ముసలమ్మకు చాట తిరిగి ఇచ్చి రావడానికి వెళ్లాను. ఆమెకు ఎవరూ లేరు, ఎకరం మెట్ట చెలక మాత్రం ఉంది. ఆమె మట్టి కాగు బోర్లించి, దాని పక్కనే కూర్చుని ఉంది.

"ఇదేంది అవ్వా, కాగు గిట్ల బోర్లేసినవ్?"

"విత్తనాల జొన్నలు బిడ్డా. బండికి ఇచ్చిన."

"విత్తనాలు ఎందుకిచ్చినవ్? లేవంటే పోతుండె గద."

ఆమె నా చేతిలోని చాట అందుకుని చెప్పింది. "నలుగురొచ్చి నిలబడ్డరు. మంచి పోరలే, నా కండ్ల ముంగట పెరిగినోళ్లే. అయినా చేతుల కట్టెలున్నయి. మొన్నటిదాక గడి మనుషులు సుత గట్లనే వచ్చి నిలబడుతుండె. లేదనే అలవాటు నాకెక్కడిది?"

ఇంటికి వచ్చి ఆ మాటలు అన్నకు చెప్పాను. ముందు నా మీదే కోప్పడ్డాడు. "మేమేమన్న బెదిరిచ్చినమా? ఒక్క మాటన్న గట్టిగ అన్నమా?" అన్నాడు. తర్వాత అన్నం కలుపుకుని, తినకుండా లేచి వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి పోరగాళ్లందరినీ మా అరుగు మీదకు పిలిచాడు.

వాళ్లలో ఒకడు ఒప్పుకోలేదు. "మన ఇంట్ల పెట్టుకున్నమా అన్నా? ఊరి కోసమే గద."

"గడోళ్లు సుత అన్నీ ఊరి కోసమే అన్నరు," అన్నాడు అన్న.

బస్తాలు తిరిగి పంచాలని తేలింది. తీసుకోవడం కంటే ఇవ్వడమే కష్టమైంది. తెల్లజొన్న, పచ్చజొన్న అన్నీ కలిసిపోయాయి. కొందరు వద్దు పొమ్మన్నారు. కొందరు ఇచ్చినదానికంటే తక్కువ చెప్పి తీసుకున్నారు. ఒకాయన మానెడు ఇచ్చి కుంచెడు ఇచ్చానన్నాడు. అన్న మారుమాట లేకుండా కుంచెడు కొలిచి ఇచ్చాడు. ఆయన మర్నాడు పొద్దున్నే గింజలు మూటకట్టుకుని వచ్చి, "మా ఇంటిది తిట్టింది," అని మా వాకిట్లో దించి, తల ఎత్తకుండా పోయాడు. ముసలమ్మ కాగులోకి మాత్రం అన్న ఎక్కడి నుంచో ఏరిన విత్తనాలు తెచ్చి పోశాడు.

అప్పుడు నన్నూ, ఇంకో ఇద్దరు ఆడపిల్లలనూ కూడా జట్టులో కలిపారు. ఆడవాళ్లు ఆడవాళ్లతోనే మనసులో మాట చెబుతారని అన్నకు అర్థమైంది. ఆ అరుగు మీదే, మూడు రోజులు పోట్లాడుకుని, ఎట్లా అడగాలో తేల్చుకున్నాం. కర్రలు మా పెరట్లో పెట్టి పోవాలి. ఎవరూ ఒంటరిగా పోకూడదు. ఎందుకు అడుగుతున్నామో ముందే చెప్పాలి, ఇంటివాళ్లు లేదు అంటే మంచిదని చెప్పి వెంటనే కదలాలి, అక్కడే నిలబడి ముఖం చూడకూడదు. చావు జరిగిన ఇంటికి, రోగంతో ఉన్న ఇంటికి పోవద్దు. విత్తనాలు ఇస్తామన్నా ముట్టవద్దు. వచ్చింది వచ్చినట్టు పట్టపగలు చావడి దగ్గర గంపలో పోయాలి. ఎంత వచ్చింది, దేనికి పోయింది, డప్పు కొట్టి ఊరంతా చాటాలి.

చాటింపు దగ్గర పెద్ద గొడవ జరిగింది. ఎక్కువ ఇచ్చినవాళ్ల పేర్లు ముందుగా చాటితే ఇంకా ఎక్కువ వస్తుందని ఒకడు పట్టుబట్టాడు. "వస్తది," అన్నాడు అన్న. "కని సోలెడు ఇచ్చిన ఆమె బాయికాడ తల దించుకుంటది. పేర్లొద్దు." పేర్లు లేకుండానే చాటింపు జరిగింది.

మొదటి నాలుగు ఇళ్లలో నేను వెనకే నిలబడ్డాను. నా జత పిల్లే మాట్లాడింది. అయిదో ఇంట్లో ఒకామె మమ్మల్ని కూర్చోబెట్టి, జొన్న గటక పెట్టి, అత్త మీద చాడీలన్నీ చెప్పి, చివరకు ఒక కోడిని చేతిలో పెట్టింది. అది వాకిలి దాటకముందే ఎగిరిపోయింది. వాడంతా ఉరికి దాన్ని పట్టుకునేసరికి మా జడలు ఊడిపోయాయి. మమ్మల్ని చూసి నవ్విన మూడు ఇళ్లవాళ్లు అడగకుండానే చందా ఇచ్చారు. గొల్లాయన బండి గూడు మీద కప్పడానికి గొంగడి ఇచ్చాడు. ఒక పెద్దమనిషి మాత్రం సలహాలే ఇచ్చాడు. అవి గంపలో పోయడానికి వీల్లేకపోయింది.

గింజలతో అయ్యే పని కాదు కాబట్టి పోరగాళ్లంతా కలిసి కోతకూలికి పోయి, ఆ కూలి గంపలో పోశారు. ఒక రైతు తుమ్మచెట్టు కొట్టుకొమ్మన్నాడు. బండి చేసే వడ్లాయన దగ్గర ఇంకో పేచీ వచ్చింది. ఆయన కూలి వద్దన్నాడు. అన్న వినలేదు.

"ఊరికే చేపిచ్చుకుంటే వెట్టి అయితది పెదనాయినా."

"నా ఇష్టంతోని చేస్తే వెట్టి ఎట్లయితదిరా?"

"రేపు ఇంకొకాయనకు ఇష్టం లేకున్నా, నువ్వు చేసినవని మేం చేపిచ్చుకుంటం. అందుకే వద్దంటున్న."

వడ్లాయన బాడిసె పక్కన పెట్టి చెయ్యి చాచాడు. పూర్తి కూలి ముందే తీసుకున్నాడు. ఆ సాయంత్రమే చావడికి వచ్చి అందులో కొంత తనే గంపలో పోసి, "ఇది చందా. ఇప్పుడు సమజైందా?" అని వెళ్లిపోయాడు.

బండి సగం తయారైన రోజుల్లో గుమాస్తా మా ఇంటికి వచ్చాడు. దొర కబురు పంపాడట, కచ్చురం ఊరికి ఇస్తాడట.

"ఒక్కటే మాట," అన్నాడు గుమాస్తా. "బండి గడిలనే ఉంటది. ఎవలకు కావాలన్నా వచ్చి నన్నడగాలె."

ఇత్తడి గంటలు గుర్తొచ్చి పోరగాళ్ల కళ్లు మెరిశాయి. ఇన్నాళ్ల తిరుగుడు ఒక్క మాటతో తప్పిపోతుంది. అన్నకు కూడా ఆశ పుట్టింది. లోపల పిల్లకు పాలిస్తున్న వదిన గడప దగ్గరకు వచ్చింది. పెద్దవాళ్ల ముందు ఆమె మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు.

"నేను మంచం మీద పోయిన్నాడు తాళంచెయ్యి దొర కాడ ఉండె. ఇగ నీ కాడ ఉంటది. గంతే గద ఫరక్," అంది.

అన్న గుమాస్తాకు మజ్జిగ ఇప్పించి, వద్దని మర్యాదగానే చెప్పాడు. ఆయన మజ్జిగ తాగాడు గానీ, "పోరగాండ్ల బండి ఎంత దూరం పోతదో చూస్త," అనేసి పోయాడు.

బండి తయారైంది. అందంగా లేదు, ఒకవైపు కొంచెం ఒరిగి నడిచేది. ఎద్దులు వంతుల ప్రకారం ఇంటింటి నుంచి వచ్చేవి. మొదటి ప్రయాణం ఎవరిదవుతుందా అని మేమంతా ఎదురుచూశాం. ఎవరికో రోగం రావాలని ఎదురుచూస్తున్నామని గుర్తొచ్చి సిగ్గుపడ్డాం కూడా.

ఒక మధ్యాహ్నం గుమాస్తా చెప్పులు లేకుండా ఉరుక్కుంటూ వచ్చాడు. భార్యకు కడుపులో నొప్పి, మెలికలు తిరిగిపోతోంది. గడి ఎద్దులను దొర మనుషులు ఎప్పుడో అమ్మేశారు, కచ్చురం ఉన్నా లాగేవి లేవు.

"గాయన చందా ఇయ్యలే గద," అని గొణిగాడు ఒకడు.

"చందా ఇచ్చినోళ్ల బండి కాదురా ఇది, ఊరి బండి," అని అన్న కాడి ఎత్తాడు.

ఆడతోడు కావాలని నేనూ ఎక్కాను. దారిలో ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నొప్పి కొంచెం తగ్గినప్పుడు, "అన్ని ఇండ్లకు పోయిన్రట గద, మా ఇంటికి రాలే," అంది.

"ఇయ్యరనుకున్నం అక్కా," అన్నాను.

"అడిగి చూడాల్సింది. ఆయన వేరు, నేను వేరు."

నిజమే. లేదనే హక్కు అందరికీ ఉండాలని అంత ఆలోచించినవాళ్లం, ఇచ్చే హక్కు కూడా ఉంటుందని అనుకోనే లేదు. ముందు దొరికిన రైలు జనగామ వైపుది, అక్కడి దవాఖానలో వారం ఉండి ఆమె నయమై వచ్చింది. తర్వాత నేనూ, నా జత పిల్లా వాళ్లింటికి పోయి అడిగాం. పాత చీరలతో తను కుట్టిన మెత్తని బొంత తెచ్చి ఇచ్చింది. గుమాస్తా పక్కనే ఉండి, ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ బండి ఎందరినో మోసింది. తర్వాత సంఘంవాళ్లను పట్టుకోవడానికి ఊరి మీదకు మిలిటరీ క్యాంపులు వచ్చాయి, మా అన్న గంగారం అడవుల వైపు వెళ్లిపోయాడు. క్యాంపువాళ్లు తీసుకుపోయిన బండి విరిగిన చక్రంతో తిరిగి వచ్చింది. ఆ చక్రం కోసం చందా అడగడం మా ఆడవాళ్ల వంతైంది. ఈసారి మొదటి ఇంట్లోనే నేను మాట్లాడాను. ఒక్క ఇల్లూ వదల్లేదు.

అన్న అడవి నుంచి తిరిగి వచ్చిననాడు చలిజ్వరంతో, గడ్డంతో ఉన్నాడు. స్టేషన్ దగ్గర మా ఊరి బండి తోలే కుర్రాడు ఆయన్ను గుర్తుపట్టలేదు.

"ఏ ఊరు పోవాలె అన్నా?" అని అడిగి, జవాబు వినగానే గడ్డి సర్ది, చెయ్యి పట్టి ఎక్కించాడు. అన్న తానెవరో చెప్పలేదు. ఊరు వచ్చేదాకా హాయిగా నిద్రపోయానని ఇంటికొచ్చి చెప్పాడు.