అందరి తోకలకీ ఒకే గుడ్డ

మా అత్తగారికి బకెట్ల పిచ్చి. ఆవిడ గుర్రాలశాలలో ఉన్నది ఒక్క మగగుర్రం. ఇల్లు గడిచేది దాని మీదే. దానితో జత కట్టించడానికి నలుమూలల నుంచీ ఆడగుర్రాలను తెస్తారు. కడగడానికి ఒక్కోదానికి ఒక్కో బకెట్, దాని మీద రంగు చుక్క. పనివాడు పచ్చచుక్క బకెట్ నీలంచుక్క గుర్రం దగ్గర పెట్టాడో, వాడి ఏడు తరాలూ తిట్లు తినేవి.

"గుర్రాలకీ సుఖవ్యాధి ఉంటుంది. అది జత కట్టినప్పుడే కాదు, తడిచెయ్యి తగిలినా అంటుకుంటుంది" అనేవారు. జబ్బు లేదని పరీక్షలో తేలని గుర్రాన్ని గేటు దాటనిచ్చేవారు కాదు, వియ్యపురాలిదైనా సరే. ఆ వియ్యపురాలు మా అమ్మ.

అమ్మ తనకున్న ఒక్క ఆడగుర్రాన్నీ వ్యానెక్కించుకుని వచ్చింది, పరీక్ష గిరీక్ష లేకుండా.

"కాగితమేది, వదినగారూ?" అన్నారు అత్తగారు గేటు వెనకనుంచే.

అమ్మ మొహం జేవురించింది. "మా పిల్లని అనుమానిస్తారా? అది ఇంకో గుర్రం మొహమెరగదు!"

"అందరూ అలాగే అంటారు."

"అయితే మీవాడికీ చేయించండి. వాడి దగ్గరికి ఎంతమంది వచ్చిపోయారో!"

అత్తగారు నవ్వారు. "దానికేం భాగ్యం, చేయిద్దాం."

ఒకరికి అల్లుణ్ణి, ఇంకొకరికి కొడుకుని; నా బతుకు అడకత్తెరలో పోకచెక్క. సర్దిచెబుదామని నోరు తెరిచాను. "మీరుండండి బాబూ" అన్నారు అత్తగారు. "నువ్వు నోర్ముయ్యరా" అంది అమ్మ. వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ ఒక్క విషయంలోనే.

పశువుల డాక్టరు వచ్చి రెండు గుర్రాల దగ్గరా పొడవాటి దూదిపుల్లలతో నమూనాలు తీసుకెళ్ళాడు. ఫలితం వచ్చేదాకా అమ్మ గుర్రం గేటు బయట కొట్టంలో, అమ్మ అత్తగారి ముందుగదిలో. కాఫీలో చక్కెర తక్కువైందని అమ్మ, పరీక్ష చేయించని వాళ్ళకి అంతేనని అత్తగారు. నేను ఆఫీసులో లేని పని కల్పించుకుని కూర్చునేవాణ్ణి.

డాక్టరు స్వయంగా వచ్చాడు. "ఆడగుర్రానికి ఏమీ లేదు" అనగానే అమ్మ జానెడు పొడవు పెరిగింది. "జబ్బు మీవాడికుందమ్మా" అన్నాడు అత్తగారితో. మగగుర్రానికి పైకి ఏమీ కనిపించదట. ఈమధ్య రెండు గుర్రాలు చూలు కట్టకపోతే ఎండల మీదకి తోసేశాం.

డాక్టరు శాలంతా తిరిగాడు. బకెట్లు చూసి మెచ్చుకున్నాడు. చివర్లో ఒక మేకు దగ్గర ఆగాడు. దానికి ఎర్ర మఖ్మల్ గుడ్డ వేలాడుతోంది, అంచుకి జరీ కూడా. జత కట్టేటప్పుడు వెంట్రుకలు అడ్డురాకుండా ఆడగుర్రం తోకకి చుట్టడానికి అత్తగారు తన చేత్తో కుట్టినది.

"ఇది ఏ గుర్రానిది?"

"ఏ గుర్రానిదేమిటి, అందరిదీ! బాగా దులిపి..." అత్తగారు మధ్యలోనే ఆగిపోయారు.

పరీక్ష కళ్ళుగప్పి వచ్చిన గుర్రం ఒక్కటి చాలు, మిగతా పంపకం ఆ గుడ్డ చూసుకుందన్నాడు డాక్టరు.

గురివింద గింజ సామెత అమ్మ పెదాల దాకా రావడం నేను కళ్ళారా చూశాను. ఆపడం నా తరమా?

అత్తగారు లోపలికెళ్ళి ఫోను అందుకున్నారు. గుర్రాలు తెచ్చిన వాళ్ళందరికీ వరసగా చేశారు. "మావాడికి జబ్బు తేలింది. తప్పు నాదే. మీ గుర్రానికి పరీక్ష చేయించండి." అవతలివాళ్ళు తిడుతుంటే ఫోను చెవికి దూరం పెట్టకుండా విన్నారు. ఆవిడంటే నాకు భయమే ఉండేది. ఆరోజు గౌరవం కలిగింది.

అమ్మ గుమ్మంలో నిలబడి చివరి ఫోను దాకా వింది. సామెత మింగేసింది.

"కాఫీ నేను పెడతాను వదినగారూ" అంది.

గుడ్డ కాల్చేశారు. కడగడాలూ మందులూ మళ్ళీ పరీక్షలతో ఆ ఏడు చేజారింది. మగగుర్రం మాత్రం మేస్తూ బలిసింది.

మరుసటి ఏడు అమ్మ మళ్ళీ వచ్చింది, ఈసారి కాగితంతో. అత్తగారు గేటులోంచి చెయ్యి చాపారు. అమ్మ కాగితం వెనక్కి లాక్కుంది.

"ముందు మీవాడిది."

అత్తగారు బొడ్లోంచి తీసి ఇచ్చారు. ఇద్దరూ కళ్ళజోళ్ళు పెట్టుకుని, ఒకరి కాగితం ఒకరు ఆసాంతం చదివారు. తర్వాత అమ్మ సంచిలోంచి ఒక కొత్త తోకగుడ్డ తీసింది.

"ఇది మా పిల్లది. ఎవరూ ముట్టుకోవద్దు."

"ముట్టుకోను. మీరే కట్టండి" అంటూ అత్తగారు గేటు తీశారు.