ఆపేసిన కంప్రెసర్‌లో చప్పుడు

దయ్యాల మాట ఎత్తితే నవ్వేవాణ్ణి. జవళగిరి అడవి అంచున గొర్రెలు కాస్తూ పెరిగినవాణ్ణి. చిరుతపులి భయం తప్ప నాకు వేరే భయం తెలియదు. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. కానీ ఇది నాకు జరిగింది.

ఎనభైల మొదట్లో నేనూ మా మునియప్పన్నా మూకండపల్లిలో ఒకే ఫ్యాక్టరీలో ఫిట్టర్లం. పని నేర్పింది అన్నే. మిషన్‌కు పొడుగాటి స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏం చెడిందో చెప్పేసేవాడు. కంప్రెసర్ విప్పేముందు ట్యాంకులో మిగిలిన గాలి వదలకపోతే నా వీపు విమానం మోత మోగేది.

అన్నకు గుండె బాగా దెబ్బతింది. బెంగళూరు ఆస్పత్రిలో గుండెకు సాయంగా పంపు పెట్టారు. పెద్ద రక్తనాళంలోకి ఒక బెలూన్ పంపి, గుండె లయకు తగ్గట్టు దాన్ని గ్యాస్‌తో నింపుతూ, ఖాళీ చేస్తూ ఉంటుందా మిషన్. నాలుగు రోజులు గడిస్తే గుండె తేరుకోవచ్చన్నారు డాక్టర్లు. ఆ నాలుగు రోజుల మీదే మా ప్రాణాలన్నీ.

మంచం పక్కన అది ‘టప్, స్స్... టప్, స్స్’ అంటుంటే అన్న చెవి పెట్టి విన్నాడు.

“మిషన్ బాగానే ఆడతా ఉండాది. నువ్వు ఈడ కూసోని ఏం చేస్తావు, డ్యూటీకి పోరా” అన్నాడు.

మూడో రోజు డ్యూటీకి వెళ్లాను. పన్నెండు దాటాక, రిపేరుకు ఆపేసిన ఒక కంప్రెసర్ దగ్గరికి నన్ను పంపారు. ఫ్యూజులు నేనే పీకాను. గేజీ ముల్లు సున్నా మీద ఉంది. అలవాటుకొద్దీ స్క్రూడ్రైవర్ ఆనించాను.

టప్, స్స్. టప్, స్స్.

గేజీ చెడిపోయిందేమో, లోపల గాలి మిగిలిందేమో అనుకున్నాను. అన్న నేర్పినట్టే కింది వాల్వు తిప్పాను. సన్నగా, చాలాసేపు గాలి పోయింది. చప్పుడు ఆగింది. అప్పుడే పన్నెండున్నరకు క్యాంటీన్ గంట కొడితే అన్నం తినడానికి వెళ్లాను.

అన్న పోయాడని సాయంత్రం కబురు వచ్చింది. సరిహద్దు దగ్గర జూజువాడి చెక్‌పోస్టులో లారీల మధ్య బస్సు ఇరుక్కుపోయి, ఆస్పత్రికి చేరేసరికి చీకటి పడింది. మిషన్‌లో ఏ లోపమూ లేదని, చివరిదాకా సరిగ్గానే నడిచిందని డాక్టర్ చెప్పాడు.

వదినె నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. “పన్నెండున్నరప్పుడు ఉన్నట్టుండి కండ్లు తెరిచి నీ పేరు పెట్టి పిలిచినాడప్పా. ‘గాలి ఇడవద్దురా, అది నేనురా’ అన్నాడు. ఆ మాటతోనే పానం పోయింది. యాడి గాలప్పా అది? నీకేమన్నా తెలుసునా?”

తెలియదన్నాను.

ఆపేసిన కంప్రెసర్‌లో ఆ చప్పుడు ఎలా వచ్చిందని తర్వాత ఎందరు ఫిట్టర్లను అడిగినా తేలలేదు. పక్క మిషన్ల అదురు పైపుల్లోంచి వచ్చి ఉంటుందన్నారు. అయ్యుండొచ్చు. కానీ ఆ వాల్వు తిప్పింది నేనే. వదినె బతికున్నన్నాళ్లూ ఆ మాట ఆమెకు చెప్పలేకపోయాను.