ఖాళీ బండికి కొలత

మా సందు మలుపులో ఈమధ్య మోటారు బండ్లు బాగుచేసే కొట్టు ఒకటి వెలిసింది. పొద్దున్నే అక్కడ పాత రబ్బరు బుష్‌లను మంటపెట్టి ఊడదీస్తారు. ఆ కమురు వాసన కిటికీలోంచి రాగానే నాకు గంగారాం మామ మీద మళ్లీ కోపం వస్తుంది. ఆయన ఇంటి దగ్గరే ఇలాగే రబ్బరు కాల్చి, తన మోటారుకు కుదుపు ఆపే షాకులు మార్చిన వేసవిలో పోయినవన్నీ లెక్కపెట్టుకుంటాను. మా అమ్మ వేసుకున్న వంకాయ మడి. గుడ్లు పెట్టే కోడి ఒకటి. కమ్మరి మల్లయ్య ఇనుముకు రంధ్రాలు వేసే బరమాలు మూడు. మా రెండిళ్ల మధ్య మట్టిగోడ, ఎనిమిది అడుగుల మేర. నేను ఎంతో ముచ్చటపడి హైదరాబాదు నుంచి తెప్పించుకున్న ఇనుప టేపు. దాన్ని ఆయన బీరపాదును పందిరికి కట్టడానికి వాడాడు.

మెట్‌పల్లిలో మా పక్కిల్లు ఆయనది. చుట్టరికమేమీ లేదు, వరసకు మామ. పోలీసు చర్యకు ముందు ఒక దొర దగ్గర డ్రైవరు. దొర పట్నం వెళ్లిపోతూ అమ్మేసిన మోటారును ఆయనే కొని, కిరాయికి తిప్పేవాడు. నేను అప్పట్లో పసుపు అంగడిలో కాంటా దగ్గర ఉండేవాణ్ని. చదివింది ఉర్దూలో నాలుగో జమాతు వరకే. సేర్లు పోయి కిలోలు వచ్చినప్పుడు ఆ మార్పిడి లెక్కలన్నీ సొంతంగానే నేర్చుకున్నాను. అందుకని మామ నన్ను పేరుపెట్టి పిలవడం మానేసి 'లెక్కలోడా' అనేవాడు.

షాకుల గొడవంతా రాజవ్వ అత్త కోసం. ఆమె మామ భార్య. అటక మీది నుంచి జారిపడి నడుము దెబ్బతిన్నది. నడవగలదు గానీ కుదుపు తట్టుకోలేదు. నిర్మల్‌లో ఆమె అక్క మంచాన పడిందని కబురొచ్చింది. బస్సులో ఒకసారి బయలుదేరి, ఆర్మూరు చేరకముందే ఏడుస్తూ వెనక్కి వచ్చింది. మామ బండి బస్సు కన్నా అన్యాయం. కమాన్ పట్టీలు బండిని మోస్తాయి గానీ, వాటి ఊపును ఆపేవి షాకులే. ఆ బండి పాతరకం షాకులు ఎప్పుడో చచ్చిపోయాయి, వాటికి సామాను దొరకదు. మామ నిజామాబాదులో తుక్కులారీ నుంచి గొట్టం షాకులు రెండు తెచ్చాడు. వాటిని వెనక చక్రాల దగ్గర తగిలించాలంటే చాసీకి కొత్త పలకలు బిగించాలి. పలకకు రంధ్రం ఎంత ఎత్తున వేయాలన్నదే అసలు ప్రశ్న.

నేను ఒక ఆదివారమంతా బండి కింద దూరి, ఇరుసు నుంచి చాసీకి కొలిచి, కాగితం మీద గీసి ఇచ్చాను. మామ ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూశాడు.

"ఖాళీ బండి కొలిచినవా?"

"మరి? కొలిచేటప్పుడు ఖాళీగనే కొలుస్తరు మామా."

"ఖాళీగ ఎవడు పోతడు బిడ్డా మెట్‌పల్లిల? గీ బండి ఎన్నడన్న పదిమంది లేకుంట కదిలిందా?"

అది నిజమే. మా వాడలో మోటారు కదిలిందంటే పనున్నవాడూ లేనివాడూ ఎక్కాల్సిందే. కాబట్టి మధ్యేమార్గంగా కొలుద్దామన్నాను, అయిదుగురి బరువుకు. ఆయన వినలేదు. వీధిలోకి వెళ్లి కేకేసి పదకొండు మందిని తెచ్చి, కదలని బండిలో కూర్చోబెట్టాడు. మామ, మల్లయ్య కింద దూరారు. పైన ఒకామె చిక్కుడుకాయలు వలిచింది. మా అమ్మ కూడా ఎక్కింది.

"ఇంకెంతసేపురా గంగారాం? కాళ్లు తిమ్మిరెక్కుతున్నయి!"

"కదలకుండ్రి! జర ఊపిరి గూడ సగమే పీల్చుండ్రి!"

చివరికి అన్నం గిన్నెలు కూడా బండిలోకే వచ్చాయి. అంతమంది బరువుకు బండి ఎంత కుంగిందో అంత ఎత్తున రంధ్రం పడింది. అందరినీ ఎక్కించుకుని కోరుట్ల రోడ్డు మీద తిప్పితే ఊయలలా ఉంది. మామ మీసం దువ్వుతూ నన్ను చూశాడు.

మర్నాడు అత్తను వెనక సీటులో బొంతమీద పడుకోబెట్టి బయలుదేరాడు. బండిలో వాళ్లిద్దరే. వీధి చివరి గుంతలోనే ఇనుము ఇనుమును కొట్టినట్టు ఢాం అంది. అత్త కేక మా ఇంటికి వినిపించింది.

"నన్ను సంపెటందుకే చేసినవా గిదంత?" అంటోంది నేను పరిగెత్తి వెళ్లేసరికి.

"చెప్పిన్నా లేదా?" అని అరిచాను. "బరువు లేకుంటే బండి పైకి లేస్తది. షాకు అప్పటికే నిండ సాగి ఉంటది. ఇంక సాగెటందుకు జాగ ఏది?"

మామ తల గోక్కున్నాడు. "అయితే బరువు ఎక్కిస్త. గంతే గదా."

"నేను పోయేది సావుబతుకుల్ల ఉన్న అక్క దగ్గరికి. లగ్గానికి కాదు, ఊరంత ఎందుకు?" అంది అత్త.

పసుపు బస్తాలు వేద్దాం, తూచి నేనే వేస్తాను అన్నాను. నాకు అంతకన్నా మంచి ఉపాయం ఇప్పటికీ తట్టదు.

"బస్తా మీ అత్తను పట్టుకుంటదారా, లెక్కలోడా?"

అలా అత్త వద్దన్నా మళ్లీ వాడ జనమే ఎక్కారు; అంగడి పని మానుకుని, బరువుగా నేనూ ఎక్కాను. అత్తకు అటొకరు ఇటొకరు ఆడవాళ్లు కూర్చున్నారు. గుంత కనబడగానే ముందు సీటువాళ్లు అరిచేవారు, వాళ్లిద్దరూ ఆమెను చేతుల మీద లేపి పట్టుకునేవారు. సోన్ వంతెన దాటి నిర్మల్ చేరేదాకా అత్త ఒక్కసారీ ఏడవలేదు. వాళ్ల అక్క ఈమె గొంతు గుర్తుపట్టింది. తిరుగు ప్రయాణంలో మా వాళ్లు ముగ్గురు చుట్టాలిళ్లలో ఉండిపోయారు. బరువు తగ్గిందని మామ దారిన పోయేవాళ్లను బతిమాలి ఎక్కించుకుంటూ వచ్చాడు. ఒకాయన తాను వచ్చిన దిక్కుకే మళ్లీ మాతో వచ్చేశాడు. తల కొట్టుకోవాలనిపించింది.

ఇంటికొచ్చాక మళ్లీ కొలిచాను. అదే పలకకు, ఉన్న రంధ్రానికి కింద ఇంకొకటి వేస్తే ఖాళీగా వెళ్లేటప్పుడు షాకును అందులోకి మార్చుకోవచ్చు. అరగంట పని. మామ నవ్వాడు. "మీ అత్త ఒక్కతే పోయే రోజు రానీ, అప్పుడేద్దాం." అక్క మెల్లగా తేరుకుంది; అత్త ఆ తర్వాత కూడా చాలాసార్లు నిర్మల్ వెళ్లింది. ఎప్పుడూ బండినిండా జనంతోనే. నేను ఏడాదికోసారి ఆ రంధ్రం గుర్తుచేసేవాణ్ని.

తర్వాత నేను కాంటా పని వదిలి ఇళ్లకు, గిడ్డంగులకు కొలతలు వేసే పనిలో పడ్డాను. మెట్లు గాని, అటక గాని, టేపు తీయకముందు ఎంతమంది ఎక్కుతారని అడుగుతాను. ఆ మాట నాకు ఆయన పెట్టిన అలవాటే. ఒప్పుకోవడానికి మనసొప్పదు గానీ, అది లేకుండా నేనేదీ కొలవలేను.

అత్త పోయినప్పుడు ఆ అక్కకు కబురు చెప్పాలి. ఇంటినిండా జనం ఉన్నారు, ఎవరు పిలిచినా ఎక్కేవారు. మామ ఎవరినీ పిలవలేదు. నేను వాకిట్లోకి వచ్చేసరికి బండి కదిలిపోయింది. వీధి చివర ఢాం అంది. మలుపులో మళ్లీ అంది. తర్వాత ఆర్మూరు దారిలో దూరం నుంచి ఇంకొకటి. ఆ మొండిమనిషి అలా నిర్మల్ దాకా ఒక్కడే వెళ్లాడు.

ఉన్న రంధ్రానికి రెండుంబావు అంగుళాలు కిందికి. అది వేయడం ఇప్పటికీ బాకీ.