బుగ్గాయన కోసం ఇచ్చిన తలనీలాలు

ఆ రోజుల్లో సౌదీకి పోయినవాళ్లకు ఎవరికి దండం పెడితే పని అవుతుందో తెలుసుకోవడానికే మొదటి ఏడాది సరిపోయేది. వీసా ఇచ్చిన కఫీలుకు పెట్టాలా, ఆఫీసులో ముద్ర వేసే ఆయనకు పెట్టాలా, ఆ ముద్ర వేసే ఆయనకు టీ అందించే ఆయనకు పెట్టాలా అని ఎవరి లెక్కలు వాళ్లకుండేవి. నేను మాత్రం వీళ్లందరినీ వదిలేసి, అమెరికాలో ఆట మానేసి ఇంట్లో కూర్చున్న ఒక బేస్‌బాల్ ఆటగాడికి దండం పెట్టాను. ఒక చలికాలమంతా పెట్టాను. ఏడో తరగతితో బడికి సెలవు చెప్పి, ఆ ఆటలో బంతిని కర్రతో కొడతారో కాలితో తంతారో కూడా తెలియని నాకు ఇంతటి భాగ్యం ఎలా పట్టిందో చెబుతాను. నవ్వు వస్తే ఆపుకోకండి. నా పెళ్లి ఫొటోలు చూసినవాళ్లు ఎవరూ ఆపుకోలేదు.

నేను అప్పుడు జుబైల్‌లో ఒక కంపెనీ విల్లాలో వంట చేసేవాణ్ణి. మాది జగిత్యాల దగ్గర పల్లె. విల్లాలో ఇద్దరు తెలుగు ఇంజనీర్లు ఉండేవారు. పెద్ద సారుది గుంటూరు వైపు, చిన్న సారుది హైదరాబాదు. ఇద్దరూ అమెరికాలో చదువుకున్నారు. వస్తూ వస్తూ చెరో డిగ్రీ తెచ్చుకున్నారు, ఇద్దరికీ కలిపి ఈ బేస్‌బాల్ పిచ్చి ఒకటి తెచ్చుకున్నారు. పోనీ ఆట చూస్తారా అంటే అదీ లేదు. వాళ్ల గొడవంతా ఆట మానేసినవాళ్ల గురించే. అమెరికాలో ఒక పెద్ద మందిరం లాంటిది ఉందట. ఆడి ఆడి రిటైరైపోయిన వాళ్లలో గొప్పవాళ్లను ఏటా ఓట్లేసి ఎన్నుకుని, వాళ్ల ముఖాలను కంచు పలకల మీద పోతపోసి అందులో పెడతారట. ఓట్లేసేది అక్కడి పత్రికలవాళ్లు. నూటికి డెబ్బై ఐదుగురు ఒప్పుకుంటేనే లోపలికి రానిస్తారు. (మా ఊరి సర్పంచికి కూడా అన్ని ఓట్లు అవసరం రాలేదు, అయినా ఆయన్ను చాలాసార్లు లోపలికి రానిచ్చారు, స్టేషన్‌కి.) జుబైల్ విల్లాలో కూర్చున్న ఈ ఇద్దరికీ అందులో ఓటు లేదు. అడిగినవాళ్లు లేరు. అయినా నవంబరులో చలిగాలి మొదలైతే చాలు, అమెరికా మొత్తం తమ నిర్ణయం కోసం ఎదురు చూస్తున్నట్టు ఇద్దరూ భోజనాల బల్ల దగ్గర కొలువు తీరేవారు.

ఆ ఏడాది ఇద్దరు ఆటగాళ్ల మీద నడిచింది పంచాయితీ. ఒకాయన ఇరవై ఏళ్లు ఆడాడట, ఎవరికీ కనపడకుండా, గుమాస్తా ఆఫీసుకు వెళ్లొచ్చినట్టు. ఇంకొకాయన కొద్ది ఏళ్లే ఆడాడట, కానీ ఆడినన్నాళ్లూ ఉరుములు మెరుపులేనట. ఎవరు గొప్ప అన్నది ప్రశ్న. వాదన ఇంగ్లీషులో సాగేది, తిట్లు తెలుగులో వచ్చేవి. ఇంగ్లీషు నాకు రాదు కాబట్టి తిట్లను బట్టి ఎవరిది పైచేయో చెప్పగలిగేవాణ్ణి గానీ, ఎవరు ఎవరి పక్షమో చెప్పగలిగేవాణ్ణి కాదు.

"నీ మొహం, అతని స్టాటిస్టిక్స్ ఎప్పుడైనా చూశావా అసలు?" అనేవారు పెద్ద సారు.

"స్టాటిస్టిక్స్ తీస్కపోయి పచ్చడి పెట్టుకో భాయ్. గ్రౌండ్ల నిలబడితే అవతలోనికి కాళ్లు వణకాలె, గది ఆట," అనేవారు చిన్న సారు.

ఇంతలో నా పప్పు చల్లారిపోయేది. ఒకరోజు పెద్ద సారు గుత్తివంకాయను తొడిమ పట్టుకుని పైకెత్తి, బ్యాటు ఎలా తిప్పాలో చూపించారు. పులుసంతా నా చొక్కా మీద పడింది. ఆ దెబ్బకు స్కోరు ఎంతో నాకు తెలియదు, మరక మాత్రం చివరి దాకా పోలేదు.

ఇందులో నాకు వచ్చిన కష్టం ఏమిటంటే నా పెళ్లి. కోరుట్ల పిల్లతో నిశ్చయమై ఏడాది దాటింది. లీవు దొరక్క ముహూర్తం ఒకసారి తప్పిపోయింది. రెండోసారి మాఘమాసంలో పెట్టారు. కాబోయే మామ ఫోనులో మొహమాటం లేకుండా చెప్పేశాడు. "అల్లుడూ, ఈ మాఘంల నువ్వు రాకుంటె నా మీద పడకు. మెట్‌పల్లిల సెల్‌ఫోన్ దుకాణం పిలగాడు తయారుగున్నడు. వాడు లీవు ఎవల్ని అడిగే పని లేదు, షట్టర్ దించి వస్తడు." నేను డిసెంబరులోనే లీవు కాగితం పట్టుకుని పెద్ద సారు దగ్గర నిలబడ్డాను. ఆయన సంతకం పెడితేనే ఆఫీసులో తిరిగి రావడానికి రీ-ఎంట్రీ వీసా వేస్తారు, పాస్‌పోర్టు చేతికిస్తారు.

"జనవరి రానీవయ్యా, చూద్దాం," అన్నారు ఆయన, కాగితం వైపు చూడకుండా.

జనవరికీ నా లీవుకూ ఏం సంబంధమో డ్రైవర్ మామ చెప్పాడు. ఈయన మా జిల్లావాడే, సారువాళ్లను ప్లాంటుకు తీసుకెళ్లే బండి నడిపేవాడు, నాతోపాటే విల్లా వెనకగదిలో ఉండేవాడు. "పోయినేడు ఆయన ఆటగాడు ఓడిపోయిండురా. నెల దాక గ్యాసు బండ చీటి మీద సుత సంతకం పెట్టలే. మేం ఖుబ్బూసు రొట్టెలు, పెరుగు తిని బతికినం. ఆయన ఆటగాడు గెలిస్తె నీ పెండ్లి అయితది. లేకుంటె సెల్‌ఫోన్ పిలగానిది అయితది. గంతే ముచ్చట."

"ఆయన ఆటగాడు ఎవడు మామా?"

"ఎవడేందిరా, నీ ఫ్రిజ్ మీదున్నోడే."

నిజమే, వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీద పెద్ద సారు ఒక ఫొటో అంటించారు. ఆఫీసు ప్రింటరు మీద రంగుల్లో తీసింది. టోపీ పెట్టుకున్న ఒక తెల్లాయన, కుడిబుగ్గ నిమ్మకాయంత ఉబ్బి ఉంటుంది. (పన్ను వాచిందేమో అనుకున్నాను. పొగాకు దవడన పెట్టుకుని ఆడతారని తర్వాత తెలిసి, మా ఊరి మేస్త్రీలు గుర్తొచ్చి, ఆయన మీద ఇంకాస్త అభిమానం పెరిగింది.) రోజూ పొద్దున డ్యూటీకి వెళ్లేముందు పెద్ద సారు ఆ ఫొటో ముందు ఒక నిమిషం నిలబడేవారు. పెదవులు కదిలేవి, మాట బయటికి వినిపించేది కాదు. ఇంతకన్నా భక్తికి సాక్ష్యం ఏం కావాలి? డ్రైవర్ మామ కూడా అదే అన్నాడు. "పడనోని ఫొటో ఎవడన్న ఇంట్ల పెట్టుకుంటడా? నువ్వు పెట్టుకుంటవా?" నేను పెట్టుకోను. మా వైపు ఎవరూ పెట్టుకోరు. గోడకెక్కాలంటే దేవుడైనా అయ్యుండాలి, కన్నవాళ్లైనా అయ్యుండాలి.

ఇక ఆలస్యం చేయలేదు. మా వేములవాడ రాజన్న పటం ఒకటి నా దగ్గర ఉండేది. అక్కడ గోడలకు మన దేవుళ్ల పటాలు పెట్టుకోనివ్వరు కాబట్టి బియ్యం డబ్బా మూతకు లోపలివైపు అంటించుకున్నాను. అన్నం వండే ప్రతిసారీ దర్శనం అయ్యేది. ఆ మూతను ఎత్తి ఫ్రిజ్‌కు ఎదురుగా పట్టుకుని, ఇద్దరినీ ముఖాముఖి చేసి, "స్వామీ, ఈ బుగ్గాయన గెలిస్తే తలనీలాలు ఇస్త, కోడెను కడత," అని మొక్కాను. దేవుడు తొందరగా కదలాలని, "పెండ్లిపీటల మీద కూసునేలోపే ఇస్త," అని గడువు కూడా నేనే పెట్టాను. తెలివైనవాడు దేవుడికి గడువు పెడతాడు, నేను నాకే పెట్టుకున్నాను. అప్పటినుంచి సారువాళ్లు డ్యూటీకి వెళ్లగానే ఫొటో ముందు నిప్పుల మీద బుఖూరు వేసేవాణ్ణి. సూకు బజారులో దొరికే ఆ సుగంధపు చెక్క పొగ సాంబ్రాణికి ఏమాత్రం తీసిపోదు. ఆఫీసులో, కార్లో, అరబ్బుల ఇళ్లలో అందరూ వేసేదే కాబట్టి సారువాళ్లకు అనుమానం రాలేదు. పైగా "వంటిల్లు భలే శుభ్రంగా పెడుతున్నావయ్యా," అని పెద్ద సారే మెచ్చుకున్నారు.

జనవరిలో ఒక పొద్దున చిన్న సారు ఈల వేసుకుంటూ వంటింట్లోకి వచ్చి, ఫ్రిజ్ మీద చేత్తో తట్టి, "కాకా, గెలిచిండు. ఇదే ఆఖరి ఛాన్సుండె, గెలిచిండు," అన్నారు. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. గబగబా సేమియా పాయసం చేశాను, జీడిపప్పు లెక్కలేకుండా వేశాను. అమ్మ పంపిన కుంకుమ తీసి బుగ్గాయనకు బొట్టు పెట్టాను. బుఖూరు ఇంకాస్త ఎక్కువే వేశాను. ఆ పొగలోంచి పెద్ద సారు వచ్చారు. గడ్డం గీసుకోలేదు. గిన్నె వైపు చూశారు, ఫొటో వైపు చూశారు.

"ఏంటిది?"

"పాయసం సార్. మీవాడు గెలిచిండు గద."

"మావాడెవడు?"

నేను బొట్టు పెట్టుకున్న ఆయన్ను చూపించాను.

చిన్న సారు సింకు పట్టుకుని వంగిపోయారు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. కాసేపటికి ఆయనే తేరుకుని నాకు తెలుగులో విడమరిచి చెప్పారు. పెద్ద సారు పక్షం ఆ ఇరవై ఏళ్లు ఆడిన పొడుగాయన. బుగ్గాయనంటే ఆయనకు పడదు. ఆ ఫొటో పెట్టుకున్నది దండం పెట్టుకోవడానికి కాదట, పొద్దున్నే మొహం మీద తిట్టడానికట. నేను స్తోత్రం అనుకున్నది మొత్తం "ఈ జన్మకు నీకు రాదురా" అనే మాటేనట, ఇంగ్లీషులో. చదువుకున్నవాళ్లు పడనివాళ్ల ఫొటోలు కూడా ఇంట్లో పెట్టుకుంటారని అప్పుడే తెలిసింది. చదువు ఆపేయడం మంచిదే అయిందనుకున్నాను.

పెద్ద సారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఎవరికి మొక్కావు?"

"వేములవాడ రాజన్నకు సార్."

"పేరు చెప్పావా?"

"పేరు తెల్వదు సార్. ఫొటో చూపించిన."

ఆయన తల పట్టుకున్నారు. ప్లాంటులో ఏదైనా యంత్రం ఆగిపోతే, నిన్నటికీ ఇవాళ్టికీ మారిందేమిటి అని వెతకడం ఆయన ఉద్యోగం. అదే పద్ధతిలో మొదలుపెట్టారు. "ఇన్నేళ్లూ ఓట్లు చాలలేదు. ఈ ఏడు సరిపోయాయి. వాడు కొత్తగా ఒక్క బంతి కూడా కొట్టలేదు. మరి మధ్యలో మారిందేంటి?"

"బుఖూరు, భాయ్," అన్నారు చిన్న సారు.

నేను రాజన్నను తలుచుకున్నప్పుడల్లా, "ఇంకా ఏ కాలంలో ఉన్నావయ్యా," అని నవ్విన మనిషి, ఆ పొద్దున ఒక్కసారి కూడా నవ్వలేదు. మెట్‌పల్లి దుకాణం షట్టర్ దిగుతున్న చప్పుడు నాకు వినిపిస్తోంది. ఆయన జేబులోంచి పెన్ను తీశారు. "ఆ కాగితం తే. రెండు నెలలు వెళ్లు. నువ్వు ఇక్కడుంటే ఇంకెవణ్ణి గెలిపిస్తావో," అని సంతకం పెట్టి ఫొటో పీకేసి వెళ్లిపోయారు. పాయసం మాత్రం రెండుసార్లు పెట్టించుకున్నారు.

నేను బయలుదేరే రోజు ఎవరూ లేకుండా చూసి పెద్ద సారు ఒక కవరు నా చేతిలో పెట్టారు. అందులో ఒక పొడుగాటి మనిషి ఫొటో. "వెళ్తున్నావు కదా. అక్కడ ఆయనకు ఒకసారి చూపించు. నమ్మకం అని కాదు, ఊరికే," అని గొంతు తగ్గించారు. "చిన్న సారుకు చెప్పకు."

వేములవాడలో గుండు గీయించుకుని, కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి, అర్చనకు నిలబడ్డాను. పొడుగాయన ఫొటో చూసి పూజారి గోత్రం అడిగాడు. తెలియదన్నాను. ఊరు అడిగాడు. అమెరికా అన్నాను. ఆయన నా గుండును, ఫొటోను మార్చి మార్చి చూసి అక్షింతలు వేశాడు. కోరుట్లలో బస్సు దిగేసరికి కాబోయే మామ నా తల చూసి అక్కడే ఆగిపోయాడు. మా దగ్గర పెళ్లి ముందు గుండంటే ఇంట్లో చావు జరిగినట్టే లెక్క.

"ఎవలు పోయిండ్రు అల్లుడూ?"

"ఎవలు పోలేదు మామా. ఒకాయన గెలిచిండు."

ఆ జవాబుతో ఆయన భయం ఇంకా పెరిగింది. ఏమైతేనేం, ముహూర్తం దాటకూడదని పెద్ద పాగా చుట్టి పీటల మీద కూర్చోబెట్టారు. జీలకర్ర బెల్లం వేళకు పాగా తీయక తప్పలేదు. పిల్ల నా నెత్తిన పెట్టిన ముద్ద నున్నటి గుండు మీద నిలవక మెల్లగా జారి చెవి మీదికి వచ్చింది. తను మళ్లీ ఎత్తి పెట్టింది, మళ్లీ జారింది. మూడోసారికి తను తల దించుకుని భుజాలు కదిలేలా నవ్వింది. సన్నాయి ఆయన కూడా ఊపిరి తప్పి ఆగాడు. కట్టుకోబోయే దాని నవ్వు నేను మొదట చూసింది అప్పుడే.

తిరిగి వెళ్లేసరికి పెద్ద సారు వేరే దేశానికి మారిపోయారు. పొడుగాయన ముఖం కంచు పలక మీదికి ఎక్కిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన ఫొటో మా పెళ్లి ఆల్బములో చివరి పేజీలో ఉంది. చుట్టాలొచ్చినప్పుడు ఈయనెవరని అడుగుతారు, మా ఆవిడ నాకన్నా ముందే మొదలుపెట్టి కథంతా చెబుతుంది. ఇప్పుడు నా తల మీద జుట్టు దానంతటదే పోయింది. మొన్న అద్దం ముందు నిలబడితే వెనక నుంచి అడిగింది. "గీసారి ఎవల కోసం మొక్కినవ్?"

ఎవరి కోసమూ కాదన్నాను. తర్వాత ఆల్బము తీసి చూసుకున్నాను. చెవి మీద జీలకర్ర బెల్లంతో, అమెరికా ఎన్నిక తన చేతుల మీదుగా జరిగిందని గట్టిగా నమ్ముతూ, ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు ఆ గుండు కుర్రాడు. వాడితో అసలు సంగతి చెబుదామా అనిపిస్తుంది. వద్దులే అని పేజీ తిప్పేస్తాను. పక్కనే తల దించుకుని నవ్వుతున్న పిల్ల ఉంది కదా, ఆ ఏడాది గెలిచింది వాడే.